నోట అనని వేళ

అండమాన్ తీరంలో వండూర్‌కు ఎదురుగా లాంచి ఒకటి అడ్డం తిరిగి తేలుతుండగా మొదట చూసింది వలలు లాగుతున్న జాలర్లు. ఇంజన్ ఆగిపోయి ఉంది. కేకేస్తే ఎవరూ పలకలేదు. పడవను దగ్గరకు చేర్చి ఎక్కి చూశారు.

లాంచి నడిపే సెరాంగు తాతబ్బాయి చుక్కాని చక్రానికి కట్టేసి ఉన్నాడు. తాడు లాంచిదే. ముడి మాత్రం ఈ తీరంలో ఎవరూ వేసే ముడి కాదు. గొంతు కోసి ఉంది. కోసినవాడికి తొందరేమీ లేదని ఆ గాటు చూస్తేనే తెలుస్తోంది. ఇంజన్ దగ్గర మల్లేశు బోర్లా పడి ఉన్నాడు. అతని పక్కన అన్నం కేరియర్ మూత కూడా తియ్యకుండా అలాగే ఉంది. ఎండకి లోపలి చేప పులుసు పొంగి మూత అంచుల్లోంచి కారుతోంది.

లాంచిలో ఉండాల్సిన చెక్క క్రేటు మాత్రం లేదు.

*

మద్రాసు ఓడ పోర్ట్‌బ్లెయిర్ జెట్టీకి చేరిన కాసేపటికి జనం పల్చబడ్డారు. చివరగా దిగినవాడు సన్నగా, ట్రంకు పెట్టె ఒక చేత, గొడుగు ఒక చేత పట్టుకుని ఉన్నాడు. ఒకసారి చూసి వెంటనే మరిచిపోయే మొహం. డిపార్ట్‌మెంటు వెంకటసుబ్బయ్యను ఎంచుకున్నది ఆ మొహం చూసే. ఫైల్లో అతను ఏజెంట్ ఎయిట్.

జెట్టీ చివర కొబ్బరి బోండాలవాడు కత్తి ఊపుతూ పలకరించాడు. "ఓడ ఆన్ టైమేనా బాబూ?"

"ఆన్ టైము కాదు. ఇన్ టైము."

కోడ్ సరిపోయింది. బోండాలవాడు కాయను వంకరగా కొట్టాడు. నీళ్ళు సగం తన లుంగీ మీదే పోసుకున్నాడు. ఆ వంకర దెబ్బ చూసి వెంకటసుబ్బయ్య తన చీఫ్ రాఘవయ్యను గుర్తుపట్టాడు.

"మారువేషానికి ఇంకేదైనా పని చూసుకోవాల్సింది సార్."

"నోరు మూసుకుని తాగు. విను." రాఘవయ్య గొంతు తగ్గించాడు. "సముద్రం అడుగున పెట్టే మైక్రోఫోన్లు. శత్రువు సబ్‌మెరైన్ వస్తే మనకు ముందే వినిపిస్తుంది. రెండు క్రేట్లుగా వచ్చాయి. రెండూ కలిస్తేనే పనిచేస్తాయి. ఒకటి తాతబ్బాయి లాంచిలోంచి పోయింది. రెండోది వండూర్ గోడౌన్లో ఉంది. అదీ పోతే మన చెవి వాళ్ళ చేతిలోకి వెళ్ళినట్టే."

"వాళ్ళంటే?"

"దేశం పేరు అడక్కు. ఒక ట్రాలర్ ఈ నీళ్ళలో తిరుగుతోంది. అది చేపలు పట్టగా ఎవరూ చూడలేదు."

"లాంచి ప్రోగ్రాం ఎవరెవరికి తెలుసు?"

"నలుగురికి. నాతో కలిపి. నలుగురినీ వడగట్టాను."

"ఐదో మనిషి?"

రాఘవయ్య కత్తి మొన మీద కొబ్బరి లేత పెచ్చు తీసి అందించాడు. "ప్రమీల. డాలీగంజ్‌లో లాంచి సిబ్బందికీ, వాళ్ళ ఆడవాళ్ళకీ ఇంగ్లీషు క్లాసు చెబుతుంది. మన మనిషే. ఆ ఇళ్ళలో మనకున్న కళ్ళు ఆవిడవి. ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నాను. ప్రోగ్రాం ఆమెకు తెలిసే దారి లేదు. కానీ ఇంకెవరూ మిగల్లేదు. నువ్వు హార్బర్ ఆఫీసు గుమాస్తావి. ప్రమోషన్ పరీక్షకి ఇంగ్లీషు కావాలి. నువ్వెవరో ఆమెకు తెలీదు. వెళ్ళి కూర్చో."

తర్వాత ఒక ఫౌంటెన్ పెన్ను ఇచ్చాడు. "క్లిప్పు నొక్కితే పేలుతుంది. ఒక్కటే గుండు."

"రాస్తుందా?"

"రాయదు."

"గుమాస్తా జేబులో రాయని పెన్నా?"

"మన ఆఫీసుల్లో సగం పెన్నులు రాయవు. ఎవడికీ అనుమానం రాదు."

*

అండమాన్‌లో సూర్యుడు ఢిల్లీ గడియారం మాట వినడు. ఐదయ్యేసరికి చీకటి పడుతుంది. అందుకని క్లాసు మధ్యాహ్నం ఎండ వాలగానే మొదలయ్యేది. రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు, నల్లబోర్డు. కిటికీలోంచి కొండల సందున సముద్రం ముక్క ఒకటి కనిపిస్తుంది.

ప్రమీల లోపలికి వస్తే ముందు పౌడరు వాసన వచ్చేది. ఆకాశం రంగు నైలాన్ చీర, చేతుల్లేని జాకెట్టు, నల్లకళ్ళద్దాలు. చేపల బుట్టలు దించి నేరుగా క్లాసుకొచ్చిన ఆడవాళ్ళు ఆమె చీర కుచ్చిళ్ళకేసి చూస్తూ, తమ చేతులు కొంగుల్లో దాచుకునేవారు. ఆమె మాత్రం వాళ్ళ మధ్యనే కూర్చునేది. వాళ్ళ పిల్లల పేర్లన్నీ ఆమెకు తెలుసు.

ఆ రోజు బోర్డు మీద రాసింది: బై. అన్‌టిల్. ఫర్. సిన్స్.

"అన్‌టిల్ ఫ్రైడే అంటే శుక్రవారం దాకా ఆ పని సాగుతూనే ఉంటుంది. బై ఫ్రైడే అంటే శుక్రవారం దాటకుండా అయిపోతుంది. రెండూ కలిపేస్తే ఉద్యోగం ఊడుతుంది. పుస్తకంలో వాక్యాలు నాకొద్దు. మీ ఇంటి వాక్యం చెప్పండి. ఇంటి మాట అయితే మరిచిపోరు."

వెనక బెంచీలోంచి ఒక యువకుడు లేచాడు. పెద్దబ్బాయి, 'హంస' అనే లాంచికి ఇంజన్ డ్రైవరు. "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్."

"ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్. సిన్స్ అంటే మొదలైన రోజు చెప్పాలి."

"మొదలైన రోజు నాకు గుర్తు నేదు మేడమ్. ఓడలో వాంతులే గుర్తున్నాయి."

అందరూ నవ్వారు. పెద్దబ్బాయి కూర్చోలేదు. "ఇంగ్లీషోళ్ళకి ఇన్ని మాటలెందుకు మేడమ్? హిందీ సూడండి. నిన్నా కల్, రేపూ కల్. మా ఇంజనీరు సాబ్ కల్ కా కామ్ అంటే అయిపోయిందో, అవ్వాలో తెలీక హాయిగా కూకుంటన్నాను."

"కూర్చో పెద్దబ్బాయ్. ఇక్కడా అదే పని చెయ్యి."

వెంకటసుబ్బయ్య తన వంతు రాగానే కావాలని ఆన్ టైమ్, ఇన్ టైమ్ తారుమారు చేశాడు. ప్రమీల ఓపిగ్గా సరిచేసింది. పెద్దబ్బాయి వెనక నుంచి గొణిగాడు. "క్లర్క్ భయ్యా, నువ్వు ఆఫీసుకి ఏ టైములో ఎల్తావు?"

"ఎప్పుడెళ్ళినా సాహెబు రాడు."

"అయితే నీకీ పాఠం దండగ."

ఆ తర్వాత ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. లారీ డ్రైవరు భార్య కామమ్మ: "మై హస్బెండ్ విల్ టేక్ డీజిల్ టు వండూర్ బై ట్యూస్‌డే." గార్డు చెల్లెలు ఎరుకమ్మ: "మై బ్రదర్ హాజ్ గోడౌన్ డ్యూటీ అన్‌టిల్ సండే." ప్రతి వాక్యానికీ ప్రమీల చిన్నగా చప్పట్లు కొట్టింది. వెంకటసుబ్బయ్య మనసులో లెక్క కట్టాడు. డీజిల్ ఎప్పుడు వెళ్తుందో తెలిస్తే లాంచి ఎప్పుడు కదులుతుందో తెలుస్తుంది. గార్డు ఎప్పుడు మారతాడో తెలిస్తే తలుపు ఎప్పుడు వదులుగా ఉంటుందో తెలుస్తుంది. నలుగురు ఆఫీసర్లు తాళం వేసి దాచిన ప్రోగ్రాం మొత్తం ఇక్కడ ముక్కలు ముక్కలుగా, చప్పట్ల మధ్య, బోర్డు మీదికి ఎక్కుతోంది.

"సీతాలూ, నీ వాక్యం?"

సీతాలు పెద్దబ్బాయికి అక్క. 'హంస' సెరాంగు నూకన్న భార్య. లేచి నిలబడి నేలకేసి చూస్తూ అంది. "మై హస్బెండ్ గోస్ టు సీ."

"వెన్ విల్ హి కమ్ బ్యాక్? బై ఈవినింగ్?"

సీతాలు పెదాలు బిగించుకుంది. ప్రమీల ఒక్క క్షణం చూసి, నవ్వి, కూర్చోమని చెయ్యి ఊపింది. మందబుద్ధి అనుకున్నాడు వెంకటసుబ్బయ్య. అతను చేసిన తప్పు అదే.

చివరి బెంచీ మూల గురువమ్మ కూర్చుని ఉంది. తాతబ్బాయి భార్య. బొట్టు తీసేసిన చోట చర్మం ఇంకా తెల్లగా ఉంది. ఆసుపత్రిలో ఆయా పని కావాలంటే నాలుగు ఇంగ్లీషు ముక్కలు రావాలన్నారు. అందుకే వచ్చింది. పిలవగానే లేచి చెప్పింది. "మై హస్బెండ్ హాజ్ వర్క్‌డ్ ఇన్ లాంచ్ ఫర్ టెన్ ఇయర్స్."

"హాజ్ కాదు గురువమ్మా." ప్రమీల గొంతు మెత్తగా ఉంది. "హాజ్ అంటే ఇంకా చేస్తున్నాడని అర్థం. వర్క్‌డ్ అను."

"వర్క్‌డ్."

"మొత్తం వాక్యం."

గురువమ్మ చెప్పింది. ప్రమీల మళ్ళీ చెప్పమంది. మూడోసారి చెబుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ప్రమీల దగ్గరకెళ్ళి తన చేతిరుమాలు ఇచ్చి, భుజం నిమిరి, "ఇప్పుడు సరిపోయింది," అంది.

తర్వాత కిటికీ దగ్గరకెళ్ళి పౌడరు డబ్బా తెరిచింది. మూత అద్దం మీద ఎండ పడి, వెలుగు ముక్క ఒకటి కొండల సందులోంచి సముద్రం మీదికి ఎగిరింది. పొడుగు, పొట్టి, పొట్టి. మొహానికి పౌడరు రాసుకోవడానికి అంతసేపు పట్టదు.

*

"ఇప్పుడే పట్టుకుందామా?" అద్దం వెలుగుల సంగతి విన్నాక అడిగాడు రాఘవయ్య.

"పట్టుకుంటే ట్రాలర్ పారిపోతుంది. మొదటి క్రేటు దాంట్లోనే ఉంది. ఎర వెయ్యాలి సార్. రెండో క్రేటు హంసలో వెళ్తోందని ఆమెకు చేరాలి. క్రేటులో రాళ్ళు నింపుదాం. గోడౌన్ గార్డుల్లోంచి ఆరుగురు సిపాయిల్ని టార్పాలిన్ కింద పడుకోబెడదాం. ట్రాలర్ వాళ్ళు లాంచి ఎక్కగానే వెనక మీరు నేవీ బోటుతో."

"నువ్వే క్లాసులో చెప్పెయ్."

"గుమాస్తా చెబితే అనుమానిస్తుంది. సెరాంగు పెళ్ళాం నోటి నుంచి రావాలి."

పెద్దబ్బాయి అప్పటికే రెండుసార్లు పిలిచాడు: మా అప్ప సీతాలు ఇంటికి రా భయ్యా, పులుసు పెట్టిస్తాను అని. వెంకటసుబ్బయ్య వెళ్ళాడు. పెద్దబ్బాయి పక్కన కూర్చుని ముల్లు తీసి మరీ పెట్టాడు. తిన్నాక అతను ఇంజన్ పని ఉందని వెళ్ళిపోయాడు. నూకన్న జెట్టీ నుంచి ఇంకా రాలేదు. అప్పుడు వెంకటసుబ్బయ్య గవర్నమెంటు కార్డు తీసి చూపించి, ఏం చెప్పాలో చెప్పాడు.

సీతాలు కడుగుతున్న కంచం పక్కన పెట్టింది. "మిగతాది అంటాను బాబూ. ఆ ఆఖరుది అనను."

"ఏది?"

"సాయంత్రానికి వొచ్చేస్తాడని. మావోళ్ళు అనరు. సముద్రం మీదికెల్లినోడు ఎప్పుడొస్తాడో నోటితో అనకూడదు. ఎల్లేటప్పుడు అడగనైనా అడగం."

"అది మూఢనమ్మకం. ఇది దేశం పని."

"దేశం పనే గావచ్చు బాబూ. దేశంలో బోల్డుమంది ఉన్నారు. నాకు ఆయన ఒక్కడే గదా."

"ఆ ముక్క లేకపోతే మొత్తం వృథా. వేళ చెబితేనే వాళ్ళు కదులుతారు." అతని గొంతులో కోపం కూడా లేదు. "చెప్పకపోతే రేపటి నుంచి నూకన్న చక్రం పట్టడు. క్వార్టరు ఖాళీ చేసి, ఇద్దరూ వచ్చే ఓడలో మీ ఊరు భీమిలి వెళ్ళిపోవచ్చు. పెద్దబ్బాయి కూడా."

సీతాలు కంచం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "అంటే ఆయనికేటీ అవ్వదు గదా?"

"ఏమవుతుంది? మాటేగా."

ఆ సాయంత్రం అతను ఆమె చేత వాక్యాన్ని పదే పదే అనిపించాడు. ఆఖరి ముక్క దగ్గర ప్రతిసారీ, దోషం తగలకుండా, ఆమె ఎడమచెయ్యి నేలను తాకేది. అది కూడా మానిపించాడు.

మర్నాడు క్లాసులో సీతాలు తలెత్తి నిలబడింది. "మై హస్బెండ్ విల్ టేక్ ద బాక్స్ టుమారో. హి విల్ బీ బ్యాక్ బై ఈవినింగ్."

బెంచీల్లో గుసగుస ఆగిపోయింది. కామమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రమీల చేతిలో సుద్దముక్క బోర్డు మీద ఒక్క క్షణం నిలిచిపోయింది.

"ఎవరు నేర్పారు సీతాలూ?"

"ఎవరూ నేదు మేడమ్. నానే."

"వెరీ గుడ్." ప్రమీల నల్లకళ్ళద్దాలు బెంచీల మీదుగా నెమ్మదిగా తిరిగాయి. "ఒక్క తప్పు కూడా లేదు."

పౌడరు డబ్బా తెరుచుకుంది. ఈసారి వెలుగు ముక్క చాలాసేపు ఎగిరింది. వెంకటసుబ్బయ్య మనసులోనే చేతులు రుద్దుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్నే హంస వండూర్ జెట్టీ వదిలింది. చక్రం దగ్గర నూకన్న, ఇంజన్ దగ్గర పెద్దబ్బాయి, టార్పాలిన్ కింద సిపాయిలు. రాఘవయ్య నేవీ బోటులో దీవుల చాటున ఉన్నాడు. ప్రమీలను కనిపెట్టి ఉండటం వెంకటసుబ్బయ్య పని.

ఆమె ఇంటికి తాళం వేసి ఉంది.

క్లాసు షెడ్డు మెట్ల మీద గురువమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. "మేడమ్ నేదు బాబూ. పొద్దున్నే జీపులో ఎల్లిపోనాది. వండూర్ వైపు."

"వండూరా? లాంచి వెళ్ళిపోయింది కదా. అక్కడ ఆమెకేం పని?"

"నాకేటి తెలుసు." గురువమ్మ అతనికేసి సూటిగా చూసింది. "సీతాలు సేత ఆ మాట అనిపించింది నువ్వేనట గదా. రాత్రి మావోళ్ళంతా దాన్ని తిట్టిపోసినారు. అది ఏడ్సింది. మేడమే నయం. మావు అనం అని తెలిసినకాడి నుంచీ బలవంతం సెయ్యనేదు. ఒక్కసారి నాను నోరు జారినాను. ఎవే ఫర్ టూ డేస్ అనీసినాను. పాఠం కదా, ఏటవుద్దిలే అనుకున్నాను. ఆయన మరి రానేదు."

వెంకటసుబ్బయ్య మెట్ల దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు.

"అన్నాక కూడా ఉపాయం ఉంది బాబూ. ఆ సంగతి మనిసికి సెప్పీయాలి. నడుమ నేల తొక్కి, కాయ కొట్టి, మళ్ళీ బయల్దేరితే అన్న వేళ తెగిపోద్ది. నాను ఆయనికి సెప్పనేదు. భయపడ్డాను..."

ఆ ఉపాయం సంగతి అతను వినలేదు. అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నాడు. వీళ్ళు ఆ మాట అనరని ప్రమీలకు తెలుసు. రెండేళ్ళుగా తెలుసు. అనని మనిషి అన్నదంటే వెనక ఎవడో అనిపించాడు. అంటే లాంచిలో క్రేటు లేదు. అంటే క్రేటు ఇంకా గోడౌన్లోనే ఉంది, గార్డుల్లో చాలామందిని తనే లాంచిలోకి ఎక్కించేశాడు.

*

గోడౌన్ గుమ్మంలో మిగిలిన ఇద్దరు గార్డులూ పడి ఉన్నారు. పక్కన టీ గ్లాసులు, ప్రమీల తెచ్చిన ఫ్లాస్కు. ఇద్దరి నోళ్ళ దగ్గరా నురుగు ఎండిపోయింది. వాళ్ళలో ఒకడు ఎరుకమ్మ అన్న.

వెనక మెట్ల దగ్గర చిన్న మోటారు పడవ. ఖాకీ నిక్కరు వేసుకున్న విదేశీయుడు ఒకడు క్రేటును పడవలోకి దించుతున్నాడు. ప్రమీల మెట్టు మీద నిలబడి ఉంది. కుడిచేతిలో చిన్న పిస్తోలు. ఎడమచేతిలో వెలిసిపోయిన బల్బులాంటి గాజు వస్తువు. గోడౌన్ వైర్‌లెస్ సెట్టు వాల్వ్.

"లేటుగా వచ్చావు గుమాస్తా. నా క్లాసులో ఏం నేర్చుకున్నట్టు?"

"ఆట అయిపోయింది ప్రమీలా."

"నీది. ఆ ఆడవాళ్ళ నోళ్ళు తెరిపించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. లారీ గురించి చెబుతారు, డీజిల్ గురించి చెబుతారు. మొగుడు ఎప్పుడొస్తాడో చచ్చినా చెప్పరు. గురువమ్మ ఒక్కసారి జారింది, నాకు అది చాలింది. నువ్వు సీతాలు చేత తలెత్తి మరీ అప్పజెప్పించావు. తెలుగువాడివేగా? ఒక్కసారి వాళ్ళింట్లో అన్నం తింటూ అడిగితే సరిపోయేది."

"తిన్నాను," అన్నాడు వెంకటసుబ్బయ్య.

ప్రమీల నవ్వింది. తర్వాత వాల్వ్‌ను ఎండకు ఎత్తి పట్టుకుంది. "హంస అడుగున మాగ్నెట్ మైన్ ఉంది, టైము పెట్టిన బాంబు. తెల్లవారుజామున మావాడు ఈదుకుంటూ వెళ్ళి అంటించాడు. లాంచిలో రిసీవర్ ఉంది. నీ సెట్టులో ఈ ముక్క పెడితే దూకెయ్యమని వాళ్ళకి చెప్పొచ్చు. ఇంకా టైముంది. బేరం సులువు. ఇది నీకు. క్రేటు నాకు. ఎనిమిది మంది ప్రాణాలు."

పడవలోవాడు క్రేటు దించేశాడు. తాడు విప్పుతున్నాడు.

వెంకటసుబ్బయ్యకు ముల్లు తీసి పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. పులుసు రుచి కూడా గుర్తొచ్చింది. అంతే. లెక్క తేలిపోయింది. అతను జేబులోంచి పెన్ను తీశాడు.

"రశీదు రాసిస్తావా?" అంది ప్రమీల.

"ఇది రాయదు."

క్లిప్పు నొక్కాడు. గుండు ఆమె కంఠం కింద దిగింది. వాల్వ్ మెట్టు మీద పడి పగిలింది. పగులుతుందని అతనికి తెలుసు. పడవలోవాడు మోటారు తాడు లాగేలోపల చనిపోయిన గార్డు రైఫిలు అందుకుని కాల్చాడు. వాడు క్రేటు మీదే వాలిపోయాడు. పడవ మెట్టును ఒక్కసారి తాకి, వెనక్కి కదలబోయి, వెంకటసుబ్బయ్య కాలి కింద ఆగింది.

ప్రమీల మెట్ల మీద కూర్చుండిపోయింది. ఆకాశం రంగు చీర మీద ఎరుపు కుచ్చిళ్ళ దాకా జారింది.

"ఎప్పుడు?" అని అడిగాడు.

ఆమె మణికట్టు తిప్పి వాచీ చూసుకుంది. పాఠం చెప్పే గొంతుతోనే అంది. "ఆన్ టైమ్."

సముద్రం మీంచి చప్పుడు వచ్చింది. గోడౌన్ రేకులు చాలాసేపు వణికాయి. అవి ఆగేసరికి ప్రమీల కళ్ళు ఆగిపోయి ఉన్నాయి. నల్లటి పొగ ఒకటి దీవుల మీదుగా లేచింది. వెంకటసుబ్బయ్య పడవలో శవాన్ని పక్కకు నెట్టి, రైఫిలు ఒళ్ళో పెట్టుకుని క్రేటు మీద కూర్చున్నాడు.

*

నేవీ బోటు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. రాఘవయ్య ముఖం వెలుగుతోంది. క్రేటు తెచ్చే పడవ కోసం కాచుకుని ఉండగా ట్రాలర్ చిక్కింది. మొదటి క్రేటు దొరికింది. చప్పుడు విని డాలీగంజ్ ఆడవాళ్ళంతా కామమ్మ మొగుడి లారీలో వచ్చి జెట్టీ మీద నిలబడ్డారు. ఎవరూ ఏడవడం లేదు. సీతాలు అందరికంటే ముందుంది.

అప్పుడు ఒడ్డు వెంట, ఆటుకు బయటపడిన రాళ్ళ మీదుగా, మనుషులు నడిచి రావడం కనిపించింది. ముందు నూకన్న. వెనక సిపాయిలు, ఆరుగురూ. నూకన్న చేతిలో కొబ్బరికాయ చుట్టి తీసుకెళ్ళిన పసుపు గుడ్డ.

"ఏమైంది?" రాఘవయ్య ఎదురెళ్ళాడు.

"ఇది అనీసినానని నాకు సెప్పింది బాబూ." నూకన్న సీతాలు వైపు చూశాడు. "అందుకని ఇసకదిబ్బ కాడ లాంచి ఆపి, అందరినీ దిగమన్నాను. దిగకపోతే చక్రం పట్టనని సెప్పీసినాను. సిపాయిలు తిట్టుకుంటా దిగినారు. కాయ కొడతా ఉండగా..." ఆగిపోయాడు. "పెద్దబ్బాయి దిగనేదు. ఆటు తీస్తంది, ఒదిలేస్తే లాంచి దిబ్బెక్కేస్తదన్నాడు. మీరు కొట్టీసి రండి బావా, తరవాత నాను దిగుతానన్నాడు."

సీతాలు ఆ రాళ్ళకేసే చూస్తోంది, ఇంకొక మనిషి వెనకబడ్డాడేమో అన్నట్టు.

రాఘవయ్య గోడౌన్ లోపలికి తొంగి చూశాడు. "వైర్‌లెస్ ఉందిగా. ఎందుకు హెచ్చరించలేదు?"

"వాల్వ్ ఆమె చేతిలో ఉంది సార్. బదులు క్రేటు అడిగింది."

"నువ్వేం చేశావు?"

"క్రేటు ఇక్కడే ఉందిగా సార్."

రాఘవయ్య ఒకటి రెండుసార్లు తల ఊపాడు. సీతాలు తల తిప్పి మొదటిసారి వెంకటసుబ్బయ్య మొహంలోకి చూసింది. చూసి వెంటనే మరిచిపోయే ఆ మొహాన్ని ఆమె చాలాసేపు చూసింది.

*

రిపోర్టు ఢిల్లీకి వెళ్ళింది. ఏజెంట్ ఎయిట్ ముందుచూపు వల్ల ఏడుగురి ప్రాణాలు దక్కాయని అందులో ఉంది. నూకన్న కాయ గురించి ఏమీ లేదు. పెద్దబ్బాయి విధి నిర్వహణలో పోయాడన్నారు. ఒడ్డుకు ఏమీ కొట్టుకు రాలేదు, అందుకని దహనం కూడా లేదు.

మద్రాసు ఓడ బయల్దేరే రోజు జెట్టీ మీద రద్దీగా ఉంది. వెంకటసుబ్బయ్య ట్రంకు పెట్టె, గొడుగు పట్టుకుని ఎక్కి రైలింగ్ దగ్గర నిలబడ్డాడు. నిచ్చెన తీసేశారు. తాళ్ళు విప్పుతున్నారు. రాఘవయ్య ఈసారి మామూలు బట్టల్లో ఉండి, బోండాలవాడి దగ్గర కాయ కొనుక్కుని తాగుతున్నాడు.

జనంలోంచి సీతాలు ముందుకొచ్చింది. పక్కన గురువమ్మ. సీతాలు ఏడవడం లేదు, తిట్టడం లేదు. జెట్టీ అంచున నిలబడి, క్లాసులో నిలబడినట్టు తలెత్తింది. అతను నేర్పినట్టే, చెయ్యి నేలకు తాకించకుండా, గట్టిగా, అందరికీ వినపడేలా అంది.

"సార్. యూ విల్ బీ హోమ్ బై ఫ్రైడే."

చుట్టూ ఉన్న జాలరి ఆడవాళ్ళు ఒక్కసారిగా రెండడుగులు వెనక్కి జరిగారు. తాడు లాగుతున్న ఖలాసీ ఒకడు పట్టు వదిలేసి అతనికేసి తలెత్తి చూశాడు.

ఓడ కదిలింది. మద్రాసు దాకా నడుమ తొక్కడానికి నేల లేదు. వెంకటసుబ్బయ్య రైలింగ్‌ను రెండు చేతులా పట్టుకుని, ఆ వాక్యాన్ని మనసులో మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. ఎక్కడైనా ఒక చిన్న పొరపాటు దొరుకుతుందేమోనని వెతికాడు.

ఒక్క తప్పు కూడా లేదు.